డీజిలు అడగని నీళ్లు

అడాజన్, సూరత్
19 ఏప్రిల్ 2020

లస్మయ్య మామకు కౌండిన్య నమస్కారాలు.

ఫోన్ చేస్తే నీకు సగం వినపడదు, వినపడిన సగానికి కోపం వస్తుంది. పోస్టు చూస్తే బంద్. అందుకే కాగితం మీద రాసి ఫోటో తీసి తేజశ్రీకి పంపుతున్నాను. నీ మనవరాలు చదివి వినిపిస్తుంది. నువ్వు కూడా రాసి దానితోనే పంపించు.

ఒక చిక్కు వచ్చి పడింది. హజీరాలో మా కంపెనీకి ఒక చిన్న మోటారు బోటు ఉంది. తొమ్మిది మీటర్ల ఫైబరు బోటు, ఒక్క డీజిలు ఇంజిను. లాక్‌డౌన్ వచ్చాక దాన్ని మందులకూ రోగులకూ ఇచ్చారు. నెలకు నూరు లీటర్ల డీజిలు మంజూరు. నడిపే ఠాకోర్‌భాయ్ తన ఊళ్లో చిక్కుకుపోయాడు. అందుకని స్టీరింగ్ నా చేతికి వచ్చింది.

సముద్రం వైపు ఖాడీ ఒడ్డున రొయ్యల చెరువులున్నాయి. ఇక్కడ పాయను ఖాడీ అంటారు. ఆ చెరువుల కాపలా మనిషి నర్సింగం మన భువనగిరి వైపువాడే. ఇరవై ఏళ్లు లింబాయత్‌లో మగ్గాలు నడిపి, ఊపిరి ఆడక అక్కడికి మారాడు. అతని భార్య ఐలమ్మకు కిడ్నీలు పోయాయి. వారానికి రెండుసార్లు అడాజన్‌లో డయాలసిస్ చేయించాలి. ఆ ఊళ్లో కేసులు వచ్చాయని రోడ్డుకు అడ్డంగా మట్టి పోశారు. మా సొసైటీలో ఒక గది ఇప్పిద్దామంటే బయటివాళ్లను గేటు దాటనివ్వడం లేదు. మిగిలింది నీళ్ల దారే. మా జెట్టీ నుంచి ఆమె ఒడ్డుకు పదిహేను కిలోమీటర్లు. జెట్టీ నుంచి ఆసుపత్రికి కంపెనీ బండి ఉంది.

నూరు లీటర్లు మూడంటే మూడు రోజులకే అయిపోయాయి మామా! తర్వాత బతిమాలితే వారానికోసారి ఆ మట్టికట్ట అవతలి దాకా అంబులెన్సు వస్తోంది. వారానికి ఒక్కసారితో ఆమె రెండు నెలలు దాటదని డాక్టరు మైథిలి నాతో మొహమాటం లేకుండా చెప్పింది. నెలకు తొమ్మిది సార్లు తీసుకుపోవాలి. ఉన్నది నూరు లీటర్లే. నువ్వు ముప్పై ఒక్క ఏళ్లు సాగర్‌లో లాంచీ నడిపావు. ఏదైనా దారి ఉంటే చెప్పు.

నీ అల్లుడు
కౌండిన్య


హిల్ కాలనీ, నాగార్జునసాగర్
21 ఏప్రిల్

చిరంజీవి కౌండిన్యకు మామ దీవెనలు.

ఇంజనీరింగ్ చదివి పెద్ద కంపెనీలో కూర్చున్నవాడివి, పడవ నూనె సంగతి ఏడో తరగతి లాంచీ డ్రైవర్‌ను అడగాల్సి వచ్చింది చూడు! మీ అత్త పోశమ్మ పొద్దటి నుంచి నవ్వుతూనే ఉంది. నవ్వు ఆగినప్పుడల్లా "పాపం, గా పిల్ల పేరేంది? ఐలమ్మనా?" అని అడుగుతోంది.

ముందు ఇది చెప్పు. బోటు నడుస్తున్నప్పుడు ఎప్పుడైనా వెనక్కి చూశావా? వెనక లేచే అల ఉందే, అది నీ డీజిలే. నువ్వు నీళ్లను పైకి ఎత్తి పారబోస్తున్నావు. నాగార్జునకొండకు లాంచీలు పోయే రోజుల్లో ఒక కుర్ర డ్రైవరు టూరిస్టుల ముందు జోరు చూపించేవాడు. మా సూపర్‌వైజరు ఒడ్డు మీది నుంచి అరిచేవాడు, "ఏందిరా, లాంచీ నడుపుతున్నవా, నీళ్లు దున్నుతున్నవా?" అని. నువ్వు కూడా దున్నుతున్నావు. అల చదునయ్యేదాకా వేగం తగ్గించు. సమయం రెండింతలు పడుతుంది, నూనె సగానికి పడిపోతుంది.

బోటును గట్టెక్కించి అడుగు చూడు. గుల్ల పట్టి గరుకుగా ఉంటే గీకించు. నీళ్లలో తిరిగే పంకా రెక్క వంగిందేమో చూడు. అవసరం లేని బరువు దింపెయ్. నూనె కూడా బరువే, ఆ రోజుకు కావలసినంతే పోసుకో. ఐలమ్మను నడుమ పడుకోబెట్టు, బోటు ముక్కు నీళ్లలోకి వంగకూడదు.

అసలు నీ తెలివితక్కువ ఎక్కడుందో తెలుసా? బోటు రాత్రిపూట జెట్టీలో ఉంటే, పొద్దున ఖాళీగా ఆమె కోసం పోవాలి, సాయంత్రం ఆమెను దింపి ఖాళీగా రావాలి. నాలుగు పోకల్లో రెండు ఉత్తవి. ఆమె మొగుడు కాపలా మనిషే కదా! బోటును అతని ఒడ్డునే కట్టెయ్. నువ్వు కూడా ఆ చెరువుల షెడ్డులోనే పడుకో. పెళ్లి కానివాడికి ఎక్కడైతేనేం?

లస్మయ్య


హజీరా
29 ఏప్రిల్

మామా,

నీకు సాష్టాంగ నమస్కారం! అడుగున ముప్పావు తట్ట గుల్ల రాలింది. పంకా రెక్క ఒకటి వంగి ఉంటే సరి చేయించాను. బోటును చెరువుల ఒడ్డున కట్టడానికి మేనేజరు ఒప్పుకున్నాడు.

వచ్చే నెల డీజిల్లోంచి కొంచెం ముందే అడిగి, నిన్న మెల్లగా నడిపి చూశాను. పదకొండున్నరకు జెట్టీలో బయలుదేరి గంటలో చెరువుల దగ్గరికి చేరాను. నర్సింగం ఇచ్చిన చాయ్ తాగి, రెండింటికి తిరిగి బయలుదేరితే మళ్లీ గంటే. డబ్బాలో కొలిచి చూస్తే పోనూ రానూ ఆరు లీటర్లు. ఇంతకు ముందు పదహారు! నువ్వు చెప్పినదానికన్నా కూడా తక్కువే. ఇంజిను ఇంత మెల్లగా తిరుగుతుంటే పడవ ఇంత చురుకుగా ఎలా పోతోందా అని నాకే ఆశ్చర్యం వేసింది. తొమ్మిది సార్లకు యాభై నాలుగు లీటర్లు చాలు. ఐలమ్మకు ఈ మాట చెబితే నమ్మలేదు. "మల్ల మల్ల కొలువు సారూ" అంది.

నేను మే నెల పొడుగునా ఏ రోజు ఎంత పోయాలో పట్టిక రాసి గోడకు అంటించాను. మొదటి వారం డాక్టరే అంబులెన్సు పంపుతానంది. ఎనిమిదో తారీకు, శుక్రవారం నుంచి మన బోటు. పది గంటలకు ఆమె మంచం మీద ఉండాలి.

కౌండిన్య


హిల్ కాలనీ
1 మే

అల్లుడూ,

మీ అత్త నీ ఉత్తరం మూడుసార్లు చదివించుకుంది. నేను ఊళ్లో ఎవరూ దొరక్క గోడకు చెప్పుకున్నాను, సముద్రం మీద కూడా నా మాటే నడిచిందని. నువ్వు రాసిన ఆరు లీటర్లు నాక్కూడా కొంచెం ఎక్కువ మంచిగా అనిపించింది. కొత్త రకం ఇంజిను కదా, అయి ఉంటుందిలే అనుకున్నాను. ఎనిమిదో తారీకు ఎలా జరిగిందో రాయి.

లస్మయ్య


హజీరా
10 మే

మామకు,

ఎనిమిదిన ఐలమ్మను తీసుకుపోయాను. కొంచెం ఆలస్యమైంది. డయాలసిస్ అయింది, బాగానే ఉంది. పోవడానికే పది లీటర్లు ఖర్చయ్యాయి. ఇక్కడ ఎండలు ముదిరాయి. పాండేసరలో మిల్లులు ఆగిపోయి కూలీలు ఊళ్లకు నడిచి పోతున్నారు. అత్తను అడిగానని చెప్పు.

కౌండిన్య


హిల్ కాలనీ
11 మే

కౌండిన్యా,

నీ ఉత్తరం ఇంత పొట్టిగా ఎప్పుడూ లేదు. ఎండల సంగతి నేనడిగానా?

పది లీటర్లు అన్నావు. మెల్లగా నడిపితే పదిహేను కిలోమీటర్లకు నాలుగు పోవాలి. ఒక్క పోకలోనే పదీ పోయాయంటే ఆ ఇంజిను మూడు గంటలకు పైగా తిరిగింది. మూడు గంటలు ఎక్కడ తిరిగింది? నేను నీళ్ల మీద ముసలివాడినయ్యాను, నూనె లెక్క చూస్తే పడవ ఎక్కడ ఇరుక్కుందో నాకు తెలుస్తుంది. ఐలమ్మ ప్రాణం కొసకు వచ్చిందా? నిజం రాయి. నా మాట వినే ఏదైనా తప్పు జరిగి ఉంటే అది ముందు రాయి.

లస్మయ్య


చెరువుల షెడ్డు, హజీరా అవతల
14 మే

మామా,

అబద్ధం రాసినందుకు క్షమించు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ఆ రోజు పున్నమి మర్నాడు. ఆరున్నరకు బయలుదేరాం. ఐలమ్మ పాదాలు ఉబ్బి ఉన్నాయి, పడుకుంటే ఊపిరి ఆడక గోనెసంచుల మీద ఆనుకుని కూర్చుంది. పట్టిక ప్రకారం పది లీటర్లే పోసుకున్నాను. అదీ నాలుగు ఎక్కువేనని నా ధీమా. అల లేవకుండా మెల్లగా నడుపుతున్నాను. ఇంజిను తిరుగుతోంది, ముక్కు దగ్గర నీళ్లు చీలుతున్నాయి, అంతా బాగానే ఉంది. గంట తర్వాత ఒడ్డు వైపు చూస్తే మేం మొదట్లో దాటిన తుమ్మచెట్టు ఇంకా పక్కనే ఉంది.

అప్పుడు అర్థమైంది మామా. మేం కదులుతున్నాం, కానీ మా కింది నీళ్లన్నీ మాకు ఎదురుగా సముద్రంలోకి పారిపోతున్నాయి. ఇరవై ఎనిమిదిన నేను పరీక్ష చేసినప్పుడు పోయేటప్పుడు సముద్రంలోకి దిగే ఆటు నన్ను మోసింది, వచ్చేటప్పుడు లోపలికి ఎక్కే పోటు మోసింది. నీళ్లు చేసిన పనినంతా నేను నా ఇంజిను ఖాతాలో రాసుకున్నాను. రెండు వైపులా కొలిచాను కాబట్టి తప్పు ఉండదనుకున్నాను. పోటూ ఆటూ సమయాల పుస్తకం ఆఫీసులో నా కుర్చీ వెనక గోడకే వేలాడుతోంది. అది పెద్ద ఓడలవాళ్ల కోసమని ఒక్కరోజు కూడా తెరవలేదు.

వేగం పెంచాను. నూనె కళ్లముందే తగ్గిపోయింది. తొమ్మిదిన్నర దాటాక అడుగున ఏదో రాసుకుంది, బోటు ఆగిపోయింది. డబ్బాలో అడుగంటిన తడి మాత్రమే ఉంది.

ఆ తర్వాత చూసింది ఎలా రాయాలో తెలియడం లేదు. నీళ్లు వెళ్లిపోయాయి. అరగంటలో చుట్టూ నీళ్లు అన్నవే లేవు. కిలోమీటరు వెడల్పు ఖాడీలో నల్లటి బురద మెరుస్తోంది, నడుమ మా బోటు పక్కకు ఒరిగి ఉంది. ఒడ్డు మీద మనుషులు తిరిగే గట్టు మాకు రెండంతస్తుల ఎత్తున కనిపిస్తోంది. పొద్దున మేం ఆ గట్టుతో సమానంగా తేలాం! నర్సింగం నోరు తెరిచి నిలబడ్డాడు. "సారూ, గిన్ని నీళ్లు ఏడికి వోయినయ్?" అన్నాడు.

భార్యను భుజాన వేసుకుని నడిచి పోతానని ఒక కాలు దింపాడు. తొడ దాకా కూరుకుపోయింది. పైకి లాగేసరికి మా ఇద్దరికీ ప్రాణం పోయినంత పనైంది. ఠాకోర్‌భాయ్‌కి ఫోన్ చేశాను. ఆయన తిట్టలేదు, కంగారు పడలేదు. "దిగొద్దు సాహెబ్. ఎవ్వరూ దిగొద్దు. పన్నెండు కానీ, నీళ్లే వచ్చి మిమ్మల్ని తీసుకుపోతాయి" అన్నాడు. నీకెలా తెలుసని అరిచాను. "రాత్రి చంద్రుణ్ని చూడలేదా?" అని అడిగాడు.

డాక్టరు మైథిలి ఫోన్లోనే ఉంది. నీళ్లు తాగనివ్వొద్దు, తల ఎత్తులో ఉంచు, మాట్లాడిస్తూ ఉండు అంటోంది. ఐలమ్మ పెదవులు నల్లబడుతున్నాయి. నన్ను ఒక్కటే అడిగింది, "మల్లొస్తయా నీళ్లు?" అని. వస్తాయని చెప్పాను. నాకే నమ్మకం లేదు.

పదకొండు దాటాక దూరం నుంచి ఒక చప్పుడు వినిపించింది. గాలి అనుకున్నాను. ఖాడీ మూల మలుపు తిరిగి ఒక తెల్లటి గీత వచ్చింది, దాని వెనక ఖాడీ నిండా నీళ్లు. పరుగెత్తే మనిషి వేగంతో వచ్చాయి. బురద మీది పీతలన్నీ ఒక్కసారి మాయమయ్యాయి. మా బోటు కింద గుడగుడమంది. ముందు ఒక పక్క లేచింది, తర్వాత నిటారుగా నిలబడింది. ఇంత బరువున్న బోటును, నలుగురు మనుషులు కదపలేనిదాన్ని, ఎవరో అరచేత్తో ఎత్తినట్టు ఆ నీళ్లు ఎత్తాయి. నూనె లేదు, ఇంజిను లేదు. నేను చుక్కాని మాత్రం పట్టుకున్నాను. గంటా నలభై నిమిషాల్లో జెట్టీ దగ్గరికి చేర్చాయి. నేను భయపడ్డాను మామా, కానీ భయం కన్నా పెద్దదేదో గుండెలో నిండిపోయింది. ఇది రోజుకు రెండుసార్లు జరుగుతోందట. ఆరేళ్లుగా ఈ నీళ్ల పక్కనే ఉద్యోగం చేస్తూ నేను ఒక్కసారి కూడా తల తిప్పి చూడలేదు.

రెండున్నరకు ఐలమ్మను మంచం ఎక్కించారు. ఇంకో గంటయితే చెప్పలేకపోయేదాన్నని డాక్టరు అంది.

కౌండిన్య


హిల్ కాలనీ
24 మే

చిరంజీవి కౌండిన్యకు,

ఇన్ని రోజులు రాయలేదు. సిగ్గుతో రాయలేదు. బరువు తగ్గించు, నూనె కొంచెమే పోసుకో అన్నవాణ్ని నేను. మెల్లగా పో అన్నవాణ్నీ నేనే. కట్టేసిన నీళ్లలో ముప్పై ఒక్క ఏళ్లు తిరిగి, నీళ్లన్నీ ఒక్కటేనని అనుకున్నాను. నీళ్లకు తమ నడక తమకుంటే, ఎదురు పోయేవాడు మెల్లగా పోతే నూనె మిగలదు, మొత్తం ఆవిరవుతుంది. ఎదురు పోకపోవడమే నూనె మిగలడం. ఈ వయసులో ఈ సంగతి తెలుసుకున్నాను.

నీ ఉత్తరం చదివాక నాకు నిద్ర పట్టలేదు. మొన్న అమావాస్యనాడు సాగర్ ఒడ్డున నీళ్ల అంచుకు ఒక పుల్ల గుచ్చి, పొద్దటి నుంచి సాయంత్రం దాకా కూర్చున్నాను. మన నీళ్లు కూడా వేలెడంతైనా లేస్తాయేమోనని! మీ అత్త గొడుగు పట్టుకుని పక్కనే కూర్చుంది. "నీకు పిచ్చి పట్టింది, గా పుల్లకేం తెలుసు?" అంటూనే, లేచి పోకుండా నాతో పాటు చూసింది. కదల్లేదు. అక్కడేమో రెండంతస్తులు! పైనున్న చంద్రుడు ఒక్కడే కదా అని, కనపడని రోజైనా ఇద్దరం ఆకాశం వైపు చూశాం.

నాకొక పని చేసి పెట్టు. నువ్వు తిరిగే ప్రతి రోజూ నీళ్లు ఎప్పుడు మళ్లాయో గడియారం చూసి రాసి పంపు. నా దగ్గర పంచాంగం ఉంది. ఏ తిథికి ఎన్ని గంటలకు మళ్లుతున్నాయో నేను కూర్చుతాను. ఐలమ్మ ఎలా ఉందో మీ అత్తకు వేరుగా రాయి, లేకపోతే నన్ను బతకనివ్వదు.

లస్మయ్య


హజీరా
3 జూన్

మామా, అత్తా,

ఐలమ్మ ఉబ్బు దిగింది. నిన్న జొన్నరొట్టె అడిగింది. అది అత్తకు.

ఇక మామకు. ఠాకోర్‌భాయ్ వచ్చాడు. అరవై ఏళ్ల మనిషి, చేతికి గడియారం లేదు. ఆయన సూత్రం చిన్నది. అమావాస్యకూ పున్నమికీ మధ్యాహ్నం మూడింటికి నిండు పోటు. ఆ తర్వాత రోజుకు ముప్పావు గంట ఆలస్యం. అష్టమి దగ్గరికి వచ్చేసరికి నీళ్లకు సగం బలం. గోడమీది పుస్తకం రేవు నోటి సంగతి చెబుతుంది కానీ, ఖాడీలో లోపలికి ఎప్పుడు చేరతాయన్నది పుస్తకంలో లేదు, ఈయన దగ్గర ఉంది. నేను రాసి పంపిన గంటలతో కలిపి చూసుకో.

పోటుతో పైకి, ఆటుతో కిందికి. ఇంజిను నడిమి వేగంలో తిరుగుతుంది, నీళ్లు మిగతా పని చేస్తాయి. రెండు పోకలకూ కలిపి అయిదు లీటర్లు దాటడం లేదు. మే నెలలో మొదటి రోజు పాడు చేసుకున్నా యాభై లీటర్లు మిగిలాయి.

కానీ ఆసుపత్రిలో పది గంటల మంచం అంటే పది గంటలే కదా. నీళ్లు ఒకరోజు ఆరింటికి రమ్మంటాయి, ఒకరోజు మధ్యాహ్నం. డాక్టరు మైథిలి దగ్గరికి పోయి, భయపడుతూనే, ఐలమ్మ సమయం తిథిని బట్టి మార్చాలని అడిగాను. వరంగల్ అమ్మాయి, మహా కోపిష్టి. మాస్కు మీది నుంచి నన్ను కాసేపు చూసింది. "ఇన్నాళ్లూ మిషన్లు చెప్పినట్టు నడిచిన నా వార్డు ఇప్పుడు చంద్రుడు చెప్పినట్టు నడవాలా?" అంది. అని, నర్సు చేత కాలెండరు తెప్పించింది. ఇప్పుడు ఆ వార్డు గోడమీద అందరి పేర్ల పక్కనా గంటలు ఉన్నాయి, ఐలమ్మ పేరు పక్కన ఏకాదశి, విదియ, షష్ఠి అని ఉంది. గుజరాతీ నర్సులు కూడా వచ్చి చూసిపోతున్నారు.

కౌండిన్య


హజీరా
16 జూన్

మామా,

తొందరలో రాస్తున్నాను. కంపెనీ పనులు మళ్లీ మొదలయ్యాయని నిన్నటితో డీజిలు మంజూరు ఆపేసి, మిగిలింది కూడా వెనక్కి తీసుకున్నారు. బోటు డబ్బాలో ఉన్న తొమ్మిది లీటర్లే నాకు దక్కాయి. నా జేబులోంచి కొంటానన్నాను. కంపెనీ బోటులో బయటి నూనె పోయడానికి వీల్లేదన్నారు. ఇరవై ఏడున మట్టి తీసేసి రోడ్డు వదులుతారట. అప్పటిదాకా మూడు రోజులు గట్టెక్కాలి, పంతొమ్మిది, ఇరవై మూడు, ఇరవై ఆరు. ఠాకోర్‌భాయ్‌కి జ్వరమని క్వారంటైన్‌లో పెట్టారు, ఫోన్ ఎత్తడం లేదు. వానలు కూడా పడ్డాయి. పావుగంట తప్పు లెక్క వేసినా నూనె చాలదు.

నెల రోజుల గంటలన్నీ నీ దగ్గరున్నాయి. ఎప్పుడు కదలాలో నువ్వే చెప్పాలి.

కౌండిన్య


హిల్ కాలనీ
17 జూన్

కౌండిన్యకు,

పంతొమ్మిది, త్రయోదశి. పొద్దున పదిన్నరకు కదులు, అంతకు ముందు వద్దు. ఒకటిన్నరకు నిండుతుంది.

ఇరవై మూడు, విదియ. ఒంటిగంటకు కదులు. ఇది బలమైన పోటు, బోటును ఒడ్డుకు దూరంగా ఉంచు.

ఇరవై ఆరు, షష్ఠి. నాలుగింటికి. వాన నీళ్లు పై నుంచి దిగుతుంటాయి కాబట్టి పోటు పది నిమిషాలు ఆలస్యంగా మళ్లుతుంది. నీ జాబితాలో వాన పడిన రెండు రోజులూ అంతే ఉంది. నీళ్ల మీద చెత్త ఏ వైపు పోతుందో చూడు. ఆగి, వెనక్కి తిరిగాకే తాడు విప్పు.

నాలుగుసార్లు సరి చూశాను. భయపడకు.

లస్మయ్య


అడాజన్
26 జూన్

మామా,

చేరాం!

పంతొమ్మిదిన మూడున్నర లీటర్లు. ఇరవై మూడున మూడు. ఇవాళ రెండున్నర మిగిలి ఉండగా చెత్త మళ్లేదాకా ఆగాం. నువ్వు అన్నట్టే నాలుగూ పదికి మళ్లింది. తాడు విప్పి, నడుమకు పోయేదాకా ఇంజిను నడిపి, ఆపేశాను. ఆపగానే సన్నటి వాన చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. బోటు, దాని పక్కన నురగ, ఒక అరటి బోదె, ఒక విరిగిన బుట్ట, అన్నీ కలిసి ఒకే వేగంతో పోతున్నాయి. గట్లు వెనక్కి జరిగిపోతున్నాయి.

ఐలమ్మ లేచి కూర్చుంది. "ఇంజన్ బందయిందా సారూ?"

"నేనే బంద్ చేసిన."

"మరెవలు తోలుతున్నరు?"

నర్సింగం నీళ్ల వైపు తిరిగి చేతులు జోడించాడు. నాకు అలవాటు లేదు కానీ నేనూ జోడించాను. ఒక మనిషిని బతికించడానికి ఇన్ని కోట్ల బిందెల నీళ్లు సముద్రంలోంచి లేచి లోపలికి నడిచి వస్తున్నాయనిపించింది. ఆమె కోసం కాదని నాకు తెలుసు. అయినా అలాగే అనిపించింది, ఏడుపు వచ్చింది.

ఆరున్నరకు మంచం మీద ఉంది. రేపు రోడ్డు మీద ఇంటికి పోతుంది. డాక్టరు మైథిలి నీ పేరు అడిగి రాసుకుంది.

ఒక్క మాట. నీ పోయిన ఉత్తరంలో నన్ను ఒక్క తిట్టు తిట్టలేదు. అత్త మాట లేదు. తేజశ్రీ ఫోటో పంపి ఊరుకుంది, ఫోన్ ఎత్తడం లేదు. అక్కడ ఏం జరుగుతోంది మామా?

కౌండిన్య


హిల్ కాలనీ
28 జూన్

అల్లుడూ,

నువ్వు నాకు అబద్ధం రాస్తే పట్టుకున్నాను. నేను నీకు రాయకుండా దాచింది నువ్వు పట్టుకున్నావు. చెల్లుకు చెల్లు.

మీ అత్తకు ఈ నెల ఎనిమిదో తారీకు జ్వరం వచ్చింది, కరోనా అన్నారు. పదిన నల్లగొండ తీసుకుపోయారు. బండిలో ఎక్కించేటప్పుడు నన్ను దగ్గరికి రానివ్వలేదు. నన్నూ తేజశ్రీనీ ఇంట్లో పెట్టి తలుపుకు కాగితం అంటించారు. నలభై ఏళ్లలో మేం ఇన్ని రోజులు విడిగా లేం. నీ తొమ్మిది లీటర్ల ఉత్తరం వచ్చిన రోజే ఆమెకు ఆక్సిజన్ పెట్టారని కబురు వచ్చింది. నీకు చెబితే నీ చెయ్యి చుక్కాని మీద వణుకుతుందని చెప్పలేదు. తేజశ్రీని కూడా ఒట్టు పెట్టించాను.

నా మనిషి దగ్గరికి పోవడానికి నాకు దారి లేదు కౌండిన్యా. అరవై కిలోమీటర్ల దూరంలో ఉండి, ఆమెకు నేను ఒక గ్లాసు నీళ్లు ఇయ్యలేను. ఐలమ్మకు దారి ఉంది, ఆ దారి ఎప్పుడు తెరుచుకుంటుందో మాత్రం నా చేతిలో ఉంది. పంచాంగం, నీ గంటల కాగితాలు నేల మీద పరుచుకుని కూర్చున్నాను. నాలుగుసార్లు సరి చూశానని రాశాను కదా, అబద్ధం. నలభై సార్లు చూసి ఉంటాను. ఈ పిల్ల చేరితే ఆమె కూడా చేరుతుందని ఎందుకో మనసులో పెట్టుకున్నాను. ఇది లెక్క కాదని నాకు తెలుసు.

నిన్న సాయంత్రం అంబులెన్సులో తెచ్చి దింపారు. సగమైపోయింది. మాస్కు, కళ్లు తప్ప ఏమీ కనపడలేదు. గడప దగ్గర గోడ పట్టుకుని నిలబడి ఊపిరి తీసుకుంది. నేను ఏడుస్తూ ఏదో అనబోతే చెయ్యి అడ్డం పెట్టి, ముందు ఒక్కటే అడిగింది.

"ఐలమ్మ ఒడ్డెక్కిందా?"

ఎక్కిందని చెప్పాను. అప్పుడు లోపలికి వచ్చింది.

నీ మామ
లస్మయ్య